గేమ్ విశ్వాల లోర్ (కల్పిత చరిత్ర) వాదాలకు ఒక చిట్టా: ప్రాజెక్టు డైరీ

ఒకే కల్పిత ప్రపంచం గురించి చాలామంది రచయితలు ఏళ్ల తరబడి ఆటలుగా, నవలలుగా, రూల్ పుస్తకాలుగా రాస్తూ పోతే ఎక్కడో ఒకచోట మాటలు కలవవు. ఎల్డర్ స్క్రోల్స్‌లో సిరొడీల్ అనే ప్రాంతం దట్టమైన అడవా, చల్లటి మైదానమా? డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో లోకాలు చక్రంలా అమరి ఉన్నాయా, చెట్టుకొమ్మల్లానా? హేలోలో రీచ్ గ్రహం ఏ తేదీన పడిపోయింది? ఇలాంటి వాదాల్లో ఇద్దరి చేతుల్లోనూ సరైన ఆధారమే ఉంటుంది. ఆ ఆధారం ఏ ఏటిది, అందులో మాట్లాడుతున్నది ఎవరు, ఆ మాట తర్వాత ఎవరైనా మార్చారా అన్న మూడు సంగతులు మాత్రం వాదన వేడిలో జారిపోతాయి. వాటిని జారిపోనివ్వకుండా పట్టి ఉంచే చిట్టా కట్టడం ఈ ప్రాజెక్టు పని.

పెట్టుకున్న నియమం ఒక్కటే: చిట్టాలో "నిజం" అనే గడి ఉండదు. ఎవరు ఏమన్నారో ఉంటుంది, ఎప్పుడన్నారో ఉంటుంది. తీర్పు చదివేవారిది.

వాడిన సామాను: ఎస్‌క్యూలైట్ ఫైలు ఒకటి, పైథాన్ స్క్రిప్టులు మూడు, పటాలు గీయడానికి గ్రాఫ్‌విజ్, మార్పుల చరిత్ర కోసం గిట్. ఎంట్రీలు టైపు చేయడానికి మొదట్లో ఎక్సెల్.

మొదటి దశ: ఒకే షీటు, పాడైన తేదీలు

ప్రయోగానికి ఆరు వాదాలు తీసుకున్నాం. సిరొడీల్ అడవి, డ్రాగన్ బ్రేక్ (కాలం చెదిరిందన్న వాదం), డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఇకపై డీ అండ్ డీ) లోకాల పటం, వార్‌క్రాఫ్ట్‌లో సార్గెరాస్ పతనం, జెల్డా కాలరేఖ, రీచ్ తేదీ. షీటులో నాలుగు నిలువు గడులు: అంశం, జవాబు, మూలం, కథలోని ఏడు.

దెబ్బ ఏడు గడిలోనే తగిలింది. ఎల్డర్ స్క్రోల్స్ తేదీని అభిమానులు యుగం అంకె, రోమన్ లిపిలో E అనే అక్షరం, ఆపైన ఏడు, ఇలా కలిపి రాస్తారు. మధ్యలో ఖాళీ వదలకపోతే ఎక్సెల్ దాన్ని ఘాతసంఖ్య అనుకుంటుంది. నాలుగో యుగం 201, అంటే స్కైరిమ్ కథ జరిగే ఏడు, 4 పక్కన 201 సున్నాలున్న సంఖ్య అయిపోయింది. నాలుగో యుగం 175, అంటే వైట్ గోల్డ్ ఒప్పందం జరిగిన ఏడు, అదీ అంతే. మూడో యుగం 433 మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్సెల్ పట్టుకోగల అతి పెద్ద సంఖ్య 10కి 308వ ఘాతం దగ్గర ఆగిపోతుంది. ఆ హద్దు దాటినదాన్ని అది అక్షరాలుగానే వదిలేస్తుంది. కాబట్టి 308 లోపు ఏళ్లే పాడవుతాయి, పైవి బాగుంటాయి. అన్నీ ఒకేసారి పాడైతే వెంటనే కంటపడేది. కొన్నే పాడైతే వరుస పేర్చేటప్పుడు గానీ తెలియదు.

మందు: యుగం ఒక గడి, ఏడు ఒక గడి, రెండింటిలోనూ పూర్ణాంకాలే. మూడో గడిలో వరుస సంఖ్యను స్క్రిప్టు లెక్కగడుతుంది. మొదటి యుగం 2920 ఏళ్లు, రెండోది 896, మూడోది 433. కాబట్టి రెండో యుగపు ఏటికి 2920, మూడో యుగపు ఏటికి 3816, నాలుగో యుగపు ఏటికి 4249 కలపాలి. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ మొదలయ్యే రెండో యుగం 582 అలా 3502 అవుతుంది, స్కైరిమ్ 4450 అవుతుంది. మధ్య 948 ఏళ్లు. "సుమారు వెయ్యేళ్లు" అని నోటిలెక్క చెప్పుకునేదానికి అసలు అంకె ఇది.

ఇక్కడే ఇంకో చిక్కు. మొదటి యుగం 1200 నుంచి 2208 దాకా, అంటే 1008 ఏళ్లు, కాలం చెదిరిపోయిందని కొన్ని పాఠాలు చెబుతాయి. ఆ విరామాన్ని మిడిల్ డాన్ అంటారు. మారోవిండ్ ఆటలోనే దొరికే ఇంకో పుస్తకం అసలు అలాంటిదేమీ జరగలేదనీ, పండితులు తేదీలు లెక్కవేయడంలో చేసిన తప్పనీ వాదిస్తుంది. వరుస సంఖ్యను ఈ విరామంలో కూడా మామూలుగానే లెక్కిస్తున్నాం. పక్కన "చెదిరిన కాలం" అని ఒక గుర్తు, ఆ గుర్తు పెట్టమన్న మూలం సంఖ్య. గుర్తు ఉన్న రెండు సంఘటనల మధ్య ఎన్నేళ్లు అని అడిగితే స్క్రిప్టు అంకె ఇవ్వదు, "లెక్కకు అందదు" అంటుంది.

రెండో దశ: నాలుగు పట్టికలు

షీటు వదిలేసి ఎస్‌క్యూలైట్‌కు మారాక నిలిచిన అమరిక ఇది.

మూలాలు: పేరు, రకం, విడుదలైన ఏడు, కూర్పు లేదా ప్యాచ్ సంఖ్య, భాష, మనం చదివిన తేదీ.

మాటలు: మూలం సంఖ్య, మాట్లాడేవారు, మూలభాషలో ఉన్నదున్నట్టు వాక్యం, తెలుగు భావం. వాక్యం గడి ఖాళీగా ఉంటే వరుసను తీసుకోదు. సారాంశాల మీద వాదించుకోవడం ఈ గొడవలన్నిటికీ సగం కారణం.

ప్రశ్నలు: ఒక్కో వాదానికి ఒక్కో ప్రశ్న, అవును, కాదు లేదా ఒక విలువతో జవాబు చెప్పగలిగేంత చిన్నది.

సంబంధాలు: ఒక మాటకూ ఇంకో మాటకూ ఉన్న లంకె. ఐదు రకాలు పెట్టాం. "కాదంటుంది", "బలపరుస్తుంది", "కారణం చెబుతుంది", "కథలోనే మారింది", "రచయితలు మార్చారు".

చివరి రెండింటినీ విడదీయడం ఈ మొత్తం అమరికలో అన్నిటికన్నా పనికొచ్చిన నిర్ణయం. డీ అండ్ డీలో ఆర్కేడియా అనే లోకానికి మూడు పొరలుండేవి, ప్లేన్‌స్కేప్ అనే పుస్తకాల వరస కాలానికి రెండే. చూడగానే ఎవరో మరిచిపోయి రాశారనిపిస్తుంది. కానీ ప్లేన్‌స్కేప్ పాఠమే కారణం చెబుతుంది: హార్మోనియం అనే వర్గం చేసిన నిర్బంధాల వల్ల మూడో పొర మెనాసస్ జారి పక్కనున్న మెకానస్‌లో కలిసిపోయింది. ఇది కథలోనే మారింది. సార్గెరాస్ సంగతి వేరు. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 మాన్యువల్‌లో సార్గెరాస్‌ను చెడగొట్టినవారిలో ఎరెడార్ అనే జాతివారు ఉన్నారు. 2007 నాటి బర్నింగ్ క్రూసేడ్‌లో ఎరెడార్‌నే సార్గెరాస్ చెడగొట్టాడు. ఆ వైరుధ్యం తాను మరిచిపోవడం వల్ల వచ్చిందని ఆ ఆటల కథారచయిత క్రిస్ మెట్జెన్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఇది రచయితలు మార్చారు. ఈ రెంటినీ రెట్‌కాన్ (పాత కథను వెనక్కి వెళ్లి మార్చడం) అనే ఒకే మాటతో పిలిచినంతకాలం వాదన ముందుకు కదలదు.

మూలం రకాలు ఏడు: ఆటలో కళ్లకు కనిపించేది, ఆటలో పాత్ర మాట లేదా పుస్తకం, రూల్ పుస్తకం సొంత గొంతు, నవల లేదా కామిక్, కంపెనీ వేసిన చరిత్ర పుస్తకం, రచయిత ఇంటర్వ్యూ లేదా పోస్టు, తుది విడుదలలోంచి తీసేసిన పాఠం. ఇది నిచ్చెన కాదు. పైది కిందిదాన్ని కొట్టేస్తుందని చిట్టా ఎక్కడా అనుకోదు. అలాంటి నిచ్చెన ఉంటే ఆ విశ్వం యజమాని చెప్పి ఉండాలి, దాన్ని వేరుగా రాయాలి. ఆ సంగతి ఐదో దశలో.

ఈ దశలో జరిగిన తప్పు: పొరపాటున రెండుసార్లు ఎక్కిన ఒక మూలాన్ని తొలగిస్తే దాన్ని పట్టుకున్న మాటలు అనాథలుగా మిగిలిపోయాయి. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ కట్టడి (ఒక పట్టిక పట్టుకున్న వరుస ఇంకో పట్టికలో ఉందా అని చూసే నియమం) మామూలుగా ఆపి ఉంటుంది. ఫైలు తెరిచిన ప్రతిసారీ, ప్రతి కనెక్షన్‌లోనూ, ప్రాగ్మా ఫారిన్ కీస్ ఆన్ అని ఇవ్వాలి. ఒకసారి ఇస్తే ఫైల్లో నిలవదు. స్క్రిప్టు మొదటి వరుసలోనే పెట్టేశాం.

మూడో దశ: సిరొడీల్‌ను దగ్గర్నుంచి

అమరిక పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఈ వాదం మీద ఎక్కువ సమయం పెట్టాం. వరుసలు ఐదు.

ఒకటి, 1998లో రెడ్‌గార్డ్ ఆటతో వచ్చిన సామ్రాజ్యపు చిన్న గైడు. సిరొడీల్‌లో ఎక్కువ భాగం అంతులేని అడవి అంటుంది. మాట్లాడేవారి గడిలో "సామ్రాజ్యం తరఫు రచయిత" అని ఉంటుంది. ఈ గైడు కథాలోకంలోనే అచ్చైన ప్రచార పుస్తకం. అంచుల్లో దాన్ని ఎత్తిపొడుస్తూ ఒక ఎల్ఫ్ రాసిన నోట్సు కూడా ఉంటాయి. కాబట్టి రకం రెండు, రూల్ పుస్తకం గొంతు కాదు.

రెండు, 2006 నాటి ఆబ్లివియన్ ఆట. ఆటగాడు తన కళ్లతో చూసేది గడ్డిమైదానాలు, ఆకురాల్చే చెట్లు. రకం ఒకటి. కథలో ఏడు మూడో యుగం 433.

మూడు, అదే ఆటలో మాంకర్ కమోరాన్ అనే పాత్ర రాసిన వ్యాఖ్యానాల పుస్తకం. ఒకప్పుడు అడవిగా ఉండేదన్న సూచన ఒక్క పదబంధంలో దొరుకుతుంది.

నాలుగు, 2011 నాటి స్కైరిమ్‌లో వైట్‌రన్ వీధిలో హైమ్‌స్కర్ అనే పూజారి ఉపన్యాసం. దేవుడిగా కొలిచే టాలోస్ తన శక్తితో అడవిని మార్చేశాడన్న భావం. ఇది "కారణం చెబుతుంది" లంకెతో రెండో వరుసకు కట్టాలి.

ఐదు, 2014 నాటి ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో ఒక పండితురాలి పుస్తకం. అడవి అన్న మాటే పాత ప్రతులు ఎత్తిరాసేటప్పుడు దొర్లిన పొరపాటు కావచ్చంటుంది. ఇదీ "కారణం చెబుతుంది", కాకపోతే మొదటి వరుసకు.

ఇప్పుడు వరుస సంఖ్యల దగ్గరికి రండి. ఆన్‌లైన్ ఆట జరిగేది 3502లో. టాలోస్ అయిన టైబర్ సెప్టిమ్ చక్రవర్తి టామ్రియెల్ ఖండాన్ని ఏకం చేసింది రెండో యుగం 896లో, అంటే 3816లో. మూడు వందల ఏళ్లకు పైగా ముందే ఆటగాడు సిరొడీల్‌లో నడుస్తున్నాడు, కళ్ల ముందు అడవి లేదు. కాబట్టి నాలుగో వరుస చెప్పే కారణం, ఆన్‌లైన్ ఆటలో కళ్లకు కనిపించేదానితో కుదరాలంటే ఇంకో అడుగు కావాలి: టాలోస్ మార్పు వెనకటి కాలానికి కూడా పాకింది అన్న అడుగు. ఆ అడుగు వేసేవారు చాలామంది ఉన్నారు, అది ఆ ప్రపంచపు తత్వానికి దూరమూ కాదు. కానీ ఆ అడుగు ఏ వరుసలోనూ లేదు. చిట్టాలో దాన్ని ఆరో వరుసగా రాయకుండా, ప్రశ్న కింద "లోపించిన అడుగు" అనే గడిలో రాశాం. ఈ గడి మొదట అనుకున్న అమరికలో లేదు. సిరొడీల్ వల్లే పుట్టింది. తర్వాత ప్రతి వాదంలోనూ అన్నిటికన్నా ముందు చూసే గడి ఇదే అయింది, ఎందుకంటే అభిమానుల సిద్ధాంతాలన్నీ అక్కడే నివసిస్తాయి.

రీచ్ వాదం దీనికన్నా తేలిగ్గా విడిపోయింది. 2001 నాటి నవల ప్రకారం శత్రుకూటమి కవెనెంట్ దాడి 2552 ఆగస్టు 30న. 2010 నాటి ఆట కథ జూలై 24నే మొదలవుతుంది. "రీచ్ ఎప్పుడు పడింది" అన్న ప్రశ్నను మూడు ముక్కలు చేస్తే చాలు: శత్రువు జాడ తెలిసిన రోజు, పెద్ద దాడి రోజు, పిల్లర్ ఆఫ్ ఆటమ్ నౌక బయలుదేరిన రోజు. మూడోది రెండు మూలాల్లోనూ ఆగస్టు 30. మిగతా రెండు ముక్కల మీదే నిజమైన తేడా ఉంది. ప్రశ్న పెద్దదైతే ఒప్పుకున్న భాగం కూడా గొడవలో కలిసిపోతుంది.

నాలుగో దశ: విశ్వపటాలు

డీ అండ్ డీ పటం మీద వాదన కూర్పుల మీద వాదన. ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1977లో లోకాల అమరికకు మొదటి రూపం ఇచ్చారు. 1987లో జెఫ్ గ్రబ్ రాసిన లోకాల మాన్యువల్, 1994లో ప్లేన్‌స్కేప్ దాన్ని మహాచక్రంగా స్థిరపరిచాయి. 2001లో మూడో కూర్పు ఫర్గాటెన్ రెల్మ్స్ పుస్తకం ఆ ప్రపంచానికి విశ్వవృక్షం అనే వేరే అమరిక ఇచ్చింది. 2008లో నాలుగో కూర్పు చక్రాన్ని తీసేసి ఆస్ట్రల్ సముద్రం, ఎలిమెంటల్ కేయాస్, ఫేవైల్డ్, షాడోఫెల్‌తో కొత్త పటం వేసింది. 2014లో ఐదో కూర్పు చక్రాన్ని వెనక్కి తెచ్చి, ఫేవైల్డ్‌నూ షాడోఫెల్‌నూ అట్టే పెట్టుకుంది.

పటం గీయాలంటే గీత అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. మొదటి ప్రయత్నంలో రెండు లోకాల మధ్య ఒకే రకం గీత. ఫేవైల్డ్ దగ్గరే అది విరిగిపోయింది. ఫేవైల్డ్ భౌతిక లోకానికి పక్కన ఉందా, లోపల ఉందా, ప్రతిబింబమా? ఇప్పుడు గీతలు నాలుగు రకాలు. "లోపల ఉంది": ఒక లోకంలో ఒక పొర. "దారి ఉంది": ద్వారం, నది, మెట్లు. "పోలిక ఉంది": ఇక్కడ కొండ ఉన్నచోట అక్కడా కొండ. "ఎదురు": స్వభావంలో వ్యతిరేకం. నాలుగోది వార్‌క్రాఫ్ట్ కోసం చేర్చాం. 2016 నాటి క్రానికల్ మొదటి సంపుటిలోని విశ్వపటం ఆరు శక్తుల్ని మూడు జంటలుగా ఎదురెదురుగా నిలబెడుతుంది: వెలుగుకు నీడ, క్రమానికి అక్రమం, జీవానికి మరణం. ఆ బొమ్మలో దూరాలకు అర్థం లేదు, ఎదురుబొదురుకే ఉంది. దాన్ని భూగోళపటంలా చదివి "ఈ లోకం ఆ లోకానికి దగ్గర" అనడం ఎప్పుడూ జరిగే తప్పు. పైగా ఆ పటం టైటన్లు అనే దేవతల్లాంటి జీవుల దృష్టి నుంచి గీసినదని తయారీదారులు తర్వాత చెప్పారు. కాబట్టి మాట్లాడేవారి గడిలోకి "టైటన్లు" వచ్చి చేరింది.

చక్రం గీయడంలో లెక్క: అంచు మీద 16 లోకాలు, మధ్యలో అవుట్‌ల్యాండ్స్, మొత్తం 17 బిందువులు. అంచు వెంట 16 గీతలు. అవుట్‌ల్యాండ్స్ నుంచి ఒక్కో లోకానికి ఒక్కో ద్వారపట్టణం చొప్పున ఇంకో 16. మొత్తం 32.

గ్రాఫ్‌విజ్‌లో చక్రాలకు సర్కో అమరిక వాడాలనిపిస్తుంది. అది పనికిరాదు. మధ్య బిందువు అన్నిటితో కలిసి ఉండడం వల్ల సర్కో మొత్తం 17నీ ఒకే ముద్దగా చూసి, అవుట్‌ల్యాండ్స్‌ను కూడా తెచ్చి అంచు మీదే కూర్చోబెడుతుంది. టూపై అమరిక మధ్యను మధ్యలో ఉంచుతుంది గానీ అంచు మీది వరుస నిలుస్తుందన్న హామీ లేదు. మౌంట్ సెలెస్టియా పక్కన బైటోపియా, దాని పక్కన ఎలిజియమ్, ఇలా ఉండాలి. ఆ వరుస చెదిరితే పటానికి అర్థమే పోతుంది, ఎందుకంటే పక్కపక్క లోకాలు స్వభావంలో పక్కపక్కవి. చివరకు నీటో అమరిక వాడి స్థానాలు మనమే ఇచ్చాం. 360ని 16తో భాగిస్తే 22.5 డిగ్రీలు. వ్యాసార్ధం 5 తీసుకుని ప్రతి లోకానికీ కొసైన్‌తో అడ్డు, సైన్‌తో నిలువు లెక్కకట్టి, స్థానం చివర ఆశ్చర్యార్థకం పెడితే బిందువు కదలదు.

అక్షరాల సంగతి: ఫాంటు పేరు ఇవ్వకపోతే తెలుగు ఒత్తులు విడిపోవచ్చు, డబ్బాలు రావచ్చు. నోటో సాన్స్ తెలుగు అని స్పష్టంగా రాసి, పీఎన్‌జీని కైరో అనే చిత్రణ లైబ్రరీ ద్వారా తీయాలి. ఎస్‌వీజీలో ఫాంటు లోపల ఉండదు, చూసేవారి యంత్రంలో లేకపోతే అక్కడ మళ్లీ చెడుతుంది. పంచుకోవడానికి పీఎన్‌జీ, దాచుకోవడానికి ఎస్‌వీజీ.

ప్రతి కూర్పుకూ వేరే పటం తీస్తున్నాం. అన్నిటినీ కలిపి ఒకే బొమ్మ గీసే ప్రయత్నం మానేశాం. అలాంటి సమన్వయపటాలు అభిమానులు అందంగా గీస్తారు, వాటిని గౌరవించాలి. కానీ వాటిలో ఏ గీత ఏ పుస్తకంలోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఈ చిట్టాలో గీత మీద వేలు పెడితే మూలం సంఖ్య రావాలి.

ఐదో దశ: కానన్‌కు కూడా తేదీ ఉంటుంది

కానన్ అంటే ప్రామాణికమని ఒప్పుకున్న కథ. దాని గురించి విశ్వం యజమాని ప్రకటించే నియమాలకు వేరే పట్టిక పెట్టాం: విశ్వం, నియమం, మొదలైన తేదీ, ముగిసిన తేదీ. స్టార్ వార్స్‌లో 2014 ఏప్రిల్ 25న పాత విస్తరిత కథలన్నీ లెజెండ్స్ అనే, ప్రామాణికం కాని విభాగం కిందికి వెళ్లాయి, వాటితోపాటు 2003 నాటి నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ ఆట కూడా. అంతకుముందు అక్కడ అక్షరాలతో గుర్తించిన అంతస్తులుండేవి. డీ అండ్ డీలో 2021లో అప్పటి రూల్స్ రూపకర్త జెరెమీ క్రాఫర్డ్ చెప్పినదాని ప్రకారం 2014 తర్వాతి ఐదో కూర్పు పుస్తకాల్లో కనిపించనిది ఆ కూర్పుకు ప్రామాణికం కాదు. ఎల్డర్ స్క్రోల్స్‌కు వచ్చేసరికి గడి ఖాళీ, అక్కడ అలాంటి అంతస్తుల నిచ్చెన లేదు. ఆ లోటును అభిమానులు తమ నిచ్చెనలతో పూరిస్తారు. ఆ ఆటల పాత రచయిత మైకేల్ కర్క్‌బ్రైడ్ ఆటల బయట రాసిన పాఠాల మీద ఏళ్లుగా సాగుతున్న వాదన అంతా ఆ ఖాళీ గడి గురించే.

ప్రశ్న అడిగేటప్పుడు "ఏ తేదీన చూస్తున్నాం" అన్నది తప్పనిసరి చేశాం. అది లేనప్పుడు స్క్రిప్టు ఇవాళ్టి నియమాన్ని పెట్టి 1994 పుస్తకాన్ని కొట్టిపారేసింది. 1994లో ఆడినవారికి ఆ పుస్తకమే ప్రామాణికం.

నడుస్తున్న ఆన్‌లైన్ ఆటలకు ఇది ఇంకా ముఖ్యం. 2010 చివర్లో కెటాక్లిజమ్ వచ్చినప్పుడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత ఖండాలు, అక్కడి క్వెస్టులు చాలావరకు మారిపోయాయి. 2019లో క్లాసిక్ వచ్చేదాకా పాత పాఠాన్ని ఆటలో చూసే అధికారిక దారి లేదు. డెస్టినీ 2లో 2020 నవంబరులో రెడ్ వార్ కథనే తీసేశారు. ప్యాచ్ సంఖ్య, చదివిన తేదీ లేని మూలాన్ని అందుకే తీసుకోవడం లేదు. తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి ఆ ఫైలు పేరు కూడా ఎక్కించాలి.

జెల్డా దగ్గర ఆగిన స్క్రిప్టు

జెల్డాలో ఏళ్లు లేవు, వరుస మాత్రమే ఉంది. కాబట్టి తేదీ గడులు వదిలేసి "దీని తర్వాత అది" అనే జంటలు రాశాం. వరుస కట్టడానికి పైథాన్‌లోని గ్రాఫ్‌లిబ్ చాలు. ఒకరినా ఆఫ్ టైమ్ తర్వాత కథ మూడు కొమ్మలుగా చీలుతుంది: కథానాయకుడు లింక్ ఓడిపోయిన కొమ్మ, బాల్యానికి తిరిగొచ్చిన కొమ్మ, పెద్దయిన కాలపు కొమ్మ. ఒక బిందువు నుంచి మూడు గీతలు, ఇబ్బంది లేదు.

స్క్రిప్టు సైకిల్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది ఇంకోచోట. 2011 నాటి హైరూల్ హిస్టోరియాలో ఆరకిల్ ఆటల తర్వాత లింక్స్ అవేకనింగ్ వస్తుంది. 2017 నాటి హైరూల్ ఎన్‌సైక్లోపీడియాలో లింక్స్ అవేకనింగ్ ముందు, ఆరకిల్ ఆటలు తర్వాత. రెండు పుస్తకాలనూ ఒకేసారి ఎక్కిస్తే అది దీని తర్వాత, ఇది దాని తర్వాత అని గుండ్రంగా తిరుగుతుంది. ఎర్రర్‌ను అణిచేయకూడదు. అదే కావలసిన సమాచారం. ఇప్పుడు ప్రతి మూలానికీ విడిగా వరుస కడుతున్నాం. ఆపైన అన్నీ కలిపి మరోసారి నడిపి, గుండ్రంగా తిరిగిన ఆటల పేర్లను "కాదంటుంది" లంకెలుగా ఆటోమేటిగ్గా రాయిస్తున్నాం. చేత్తో వెతికితే దొరకని వైరుధ్యాలు ఇలా బయటపడతాయి.

తెలుగులో వెతకడం

పూర్తి పాఠం వెతుకులాటకు ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5 వాడాం. "సిరొడీల్" అని వెతికితే సంబంధం లేని వరుసలు వచ్చిపడ్డాయి. కారణం: దాని మామూలు టోకనైజర్ (పాఠాన్ని మాటలుగా విడగొట్టే భాగం) అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగం అనుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్ లెక్కలో వేరే తరగతివి. గుడి దగ్గర, పొల్లు దగ్గర మాట తెగిపోయి ముక్కలవుతుంది. పట్టిక సృష్టించేటప్పుడే కేటగిరీస్ అనే ఐచ్ఛికంలో ఎమ్ఎన్, ఎమ్‌సీ తరగతులను కలపాలి. తర్వాత మార్చాలంటే సూచిక మొత్తం మళ్లీ కట్టుకోవాలి.

రెండోది కంటికి కనిపించని జోడింపు నిరోధకం, జీరో విడ్త్ నాన్ జాయినర్. "ప్లేన్‌స్కేప్" అన్న మాటలో ఒకరు అది వేస్తారు, ఒకరు వేయరు. చదవడానికి ఒకటే, పోలికకు రెండు. సూచికలోకి వెళ్లే ప్రతిలో దాన్ని తీసేస్తున్నాం, చదివే ప్రతిలో ఉంచుతున్నాం.

పేర్లకు మారుపేర్ల పట్టిక తప్పదు. ద్వారాల నగరం పేరును ఇంగ్లీషు స్పెల్లింగు చూసి సిజిల్ అని రాసేవారున్నారు, ప్లేన్‌స్కేప్ ఉచ్చారణ మాత్రం సిగిల్. రెండూ ఒకే సంఖ్యకు కట్టాలి.

"అనంతం" అన్న మాట

ఎవరి విశ్వం పెద్దది, ఎవరి దేవుడు బలవంతుడు అన్న వాదాలన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడతాయి. అవుట్‌ల్యాండ్స్ మధ్యలో ఉన్న శిఖరం ఎత్తు అనంతం. సిగిల్ నగరం ఆ శిఖరం కొసన తేలుతూ ఉంటుంది. అంతం లేనిదానికి కొస ఎలా ఉంటుందన్నది ఆ ప్రపంచం కావాలని పెట్టుకున్న విడ్డూరం. ఆ వాక్యాన్ని కొలతగా తీసుకుని వేరే విశ్వంతో తూచకూడదు. అబిస్ అనే రాక్షసలోకపు పొరలకు 666 అనే అంకె పాత పాఠాల్లో ఉంది, వాటికి అంతే లేదన్న మాటా ఉంది.

అందుకని మాటల పట్టికకు "లెక్క రకం" అనే గడి చేర్చాం. విలువలు నాలుగు: కొలిచినది, ఎంచినది, ఉపమానం, తేలనిది. శిఖరం ఎత్తుకు "తేలనిది", ద్వారపట్టణాల సంఖ్యకు "ఎంచినది". రెండు విశ్వాల్ని పోల్చే ప్రశ్నకు స్క్రిప్టు కొలిచినవాటినీ ఎంచినవాటినీ మాత్రమే పక్కపక్కన పెడుతుంది. మిగతావాటికి మూల వాక్యాన్ని చూపించి ఊరుకుంటుంది.

మిగిలినవి

ఎబెరాన్ అనే డీ అండ్ డీ ప్రపంచం ఇంకా ఎక్కలేదు. 2004లో అది తన 13 లోకాలతో విడిగా వచ్చింది. 2019 పుస్తకం దాన్ని మహాచక్రం లోపలే, కాకపోతే మూసి ఉంచిన చోటుగా చెప్పింది. దానికి "లోపల ఉంది" గీత వేయాలి గానీ "దారి ఉంది" గీత వేయకూడదు. ఇప్పటి స్క్రిప్టు లోపల ఉన్న ప్రతిదానికీ దారి ఉందనుకుంటుంది. ముందు ఆ షరతు తీసేయాలి, తర్వాతే ఎబెరాన్.

ప్రపంచాల మధ్య ఓడల్లో తిరిగే డీ అండ్ డీ కథాలోకం స్పెల్‌జామర్‌దీ అలాంటి పనే. 1989 పెట్టెలో ప్రపంచాల మధ్య ఫ్లాజిస్టన్ అనే పదార్థం, దాని మీద తేలే స్ఫటికగోళాలు. 2022 కూర్పులో వాటి స్థానంలో ఆస్ట్రల్ సముద్రం. రెండు పటాలూ వేరువేరుగా గీసి, మధ్యలో "రచయితలు మార్చారు" లంకె వేయాలి. పాత గోళాలను పట్టుకున్న నవలల వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్క తీశాకే ఆ పని మొదలవుతుంది.